రాత్రి ఆత్మపరిశోధన తప్పుల చిట్టాలా తయారైంది, ఏం చేయాలి?

వేకువగంట:
పడుకోబోయే ముందు ఆత్మపరిశోధన చేస్తే ఆ రోజు తప్పులన్నీ వరసగా గుర్తొస్తాయి. మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పే ప్రార్థన) చెప్పుకుని పడుకోవడం, తెల్లారితే మళ్లీ అదే కోపం. పాపసంకీర్తనంలోనూ (గురువుగారి దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) ప్రతిసారీ అవే మాటలు. లోపం ఎక్కడుంది?

పాతజపమాల:
లోపం మొదలుపెట్టే చోటే ఉంది. యేసుసభ స్థాపకులు పునీత ఇగ్నేషియస్ లొయోలావారి ధ్యాన సాధనల పుస్తకంలో (1548లో పోపు మూడవ పౌలు ఆమోదించారు) దీనికి ఐదు మెట్లున్నాయి. కృతజ్ఞత, తప్పు తెలుసుకునే వరం అడగడం, గంట గంటా నెమరేసుకోవడం, క్షమాపణ, దిద్దుకునే సంకల్పం. ఆఖర్న పరలోక జపం ('పరలోకమందున్న మా తండ్రీ'). చాలామంది తిన్నగా మూడో మెట్టు ఎక్కేస్తారు, అందుకే అది చిట్టా అవుతుంది.

మొత్తం పావుగంట చాలు, అందులో నాలుగైదు నిమిషాలు కృతజ్ఞతకే ఇవ్వండి. 'అన్నీ ఇచ్చావు ప్రభువా' అంటే మనసు కదలదు. గ్యాస్ అయిపోతే పక్కింటివాళ్లు పెట్టిన కాఫీ, జ్వరం తగ్గాక పిల్లాడు అడిగి తిన్న పెరుగన్నం, ఇలా పేరు పెట్టి చెప్పాలి. ఇంకోటి, మంచమెక్కాక చేయకండి, రెండో మెట్టు దగ్గరే నిద్ర పట్టేస్తుంది. రాత్రి భోజనం కాగానే కుర్చీలో కూర్చుని చేయండి.

నిత్యవిద్యార్థి:
పైన చెప్పింది రోజంతటికీ. కోపం లాంటి ఒక్క గుణం పట్టుకోవాలంటే అదే పుస్తకంలో వేరే పద్ధతి ఉంది. పొద్దున లేవగానే ఆ ఒక్కదాని గురించే సంకల్పం. మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి లెక్క. రోజుకు రెండు గీతలు గీసి, ఎన్నిసార్లు తప్పితే అన్ని చుక్కలు పెట్టాలి. తప్పిన క్షణంలోనే గుండె మీద చెయ్యి వేసుకోవాలి, నలుగురిలో ఉన్నా ఎవరూ గమనించరు. తర్వాత రెండో గీతను మొదటిదానితో, ఇవాళ్టిని నిన్నటితో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చాలి.

పుస్తకంలో చెప్పింది గీతలూ చుక్కలే, కానీ చుక్క పక్కన టైం కూడా రాసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. ఉదాహరణకి, చుక్కలన్నీ పొద్దున ఏడున్నరకీ ఎనిమిదింపావుకీ మధ్యే పడుతున్నాయనుకోండి. స్కూలు బస్సు హారన్ కొడుతుంటుంది, టిఫిన్ డబ్బా మూత దొరకదు, సాక్సు ఒకటే కనిపిస్తుంది. అప్పుడు 'కోపం మానేస్తాను' అన్న సంకల్పం ఎందుకూ పనికిరాదు. 'రాత్రి తొమ్మిదికల్లా బ్యాగు సర్దేస్తాను' అన్నది పనిచేస్తుంది.

వేకువగంట:
చుక్కలు లెక్కపెడుతుంటే భయం ఇంకా పెరగదా?

పాతజపమాల:
ప్రతి చిన్నదీ పాపమేనేమో అని నలిగిపోయే స్వభావమైతే పెరుగుతుంది. అలాంటివారు చుక్కల జోలికి పోకుండా, ముందు ఒకే గురువుగారి దగ్గర క్రమంగా పాపసంకీర్తనం చేస్తూ ఆయన చెప్పినట్టు నడుచుకోవాలి. మిగతావాళ్లకు చుక్క శిక్ష కాదు, గుర్తు.

పాపసంకీర్తనం సంగతికొస్తే, చావైన పాపాలు (తెలిసి, కావాలని చేసిన ఘోర పాపాలు) ఏ రకమో, ఎన్నిసార్లో చెప్పి తీరాలి. చిన్నవాటిలో మాత్రం ఒకటి రెండు ఎంచుకుని వేరుతో సహా చెప్పండి. 'కోప్పడ్డాను' బదులు 'ఆలస్యమైతే తప్పు పిల్లల మీదికి నెడుతున్నాను' అంటే గురువుగారికి సలహా చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నిత్యవిద్యార్థి:
ఒకటి మర్చిపోయాను. రెండో మూడో వారంలో మనసు ఎండిపోయినట్టుంటుంది, జపం రుచించదు. అప్పుడు పద్ధతి మార్చకండి. మనసు బాగున్నప్పుడు చేసిన నిర్ణయాన్ని అలాంటి రోజుల్లో కదపొద్దని ఇగ్నేషియస్‌వారు స్పష్టంగానే రాశారు. పావుగంట అనుకుంటే పావుగంటా కూర్చోండి, ఇంకో నిమిషం ఎక్కువైనా పర్లేదు.