శవపరీక్ష పేపర్ మీద ఐదు పేర్లుంటే లెక్క ఎవరి ఖాతాలో వేయాలి?

లైబ్రరీ మెట్లు:
అందరికీ నమస్కారం. కాకినాడ వైపు ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. లైబ్రరీ సైన్సులో పీహెచ్‌డీ చేస్తూ, మన డెల్టా డాక్టర్లు ఫోరెన్సిక్ మెడిసిన్‌లో రాసిన పేపర్లను పోగుచేస్తున్నాను. ఎవరు ఎన్ని రాశారు, ఎవరితో కలిసి రాశారు, తర్వాత తమ పేపర్లలో వాటిని ఎవరు ఉటంకించారు (సైట్ చేశారు), ఇదీ పని. మొదటి అడుగులోనే ఇరుక్కున్నాను. ఒక పేపర్ మీద ఐదు పేర్లుంటే ఐదుగురికీ తలో ఒకటి వేయాలా (ఫుల్ కౌంటింగ్), తలో 0.2 వేయాలా (ఫ్రాక్షనల్), లేక మొదటి పేరుకే మొత్తం ఇచ్చేయాలా? ఫుల్ కౌంటింగ్ చాలని మా గైడ్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

భీమవరం లెక్కలు:
ఫ్రాక్షనల్. ఇందులో చర్చ ఏముందండీ? పేపర్‌కు సగటున నలుగురుంటే ఫుల్ కౌంటింగ్‌లో 100 పేపర్లకు 400 లెక్క తేలుతుంది. మా రొయ్యల చెరువుల దగ్గర కౌంటులో అంత తేడా వస్తే కొనేవాడు సరుకు లారీ ఎక్కించుకోడు.

పాత మార్చురీ:
ముప్ఫై ఏళ్లు ఫోరెన్సిక్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మాయీ, అసలు ఈ లెక్కే తప్పు. ఫోరెన్సిక్ అంటే గుండె జబ్బుల విభాగం కాదు, పేపర్ రాగానే వెయ్యిమంది సైట్ చేయడానికి.

ఒక ఉదాహరణ చెప్తాను. కాలువలో శవం తేలింది. మునిగి చచ్చాడా, చంపి పడేశారా? డయాటమ్ అని ఒకటుంది. కంటికి కనపడని నాచు, దాని గోడ సిలికాతో ఉంటుంది కాబట్టి నైట్రిక్ యాసిడ్‌లో ఉడికించినా కరగదు. బతికుండగా మునిగితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, గుండె ఇంకా కొట్టుకుంటుంది కాబట్టి డయాటమ్‌లు రక్తంలో కలిసి ఎముక మూలుగ దాకా వెళ్తాయి. చచ్చాక పడేస్తే మూలుగకు చేరవన్నది సిద్ధాంతం. దీని మీద తగవులున్నాయి, అది వేరే సంగతి. కానీ ఆ పరీక్ష పనికిరావాలంటే శవం తీసిన చోటి నీళ్లలో ఏ డయాటమ్‌లున్నాయో ముందు తెలియాలి. మంచినీటి కాలువలో ఉండేవి వేరు, ఉప్పుటేరులో ఉండేవి వేరు. కాలువలు కట్టేసిన వేసవికీ, వరద వచ్చిన శ్రావణానికీ తేడా ఉంటుంది.

నేను ఆ పని చేసి ఒక పేపర్ వేశాను. ఇన్నేళ్లలో దానికి సైటేషన్లు సున్నా. కోర్టులో మాత్రం రెండుసార్లు దాని మీద ఆధారపడి సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు చెప్పు, నీ లెక్కలో ఆ పేపర్ విలువ ఎంత?

పంటు రేవు:
డయాటమ్ అంటే పులస తినేదేనా అండీ?

పాత మార్చురీ:
అవునయ్యా, అదీ తింటుంది. కూర సంగతి తర్వాత.

లైబ్రరీ మెట్లు:
మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను మాత్రమే చూస్తుంది. నెమ్మదిగా కదిలే శాఖకు ఆ రెండేళ్ల కిటికీ సరిపోదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకుండా ఉండి, హఠాత్తుగా సైటేషన్లు మొదలయ్యే పేపర్లను 2004లో వాన్ రాన్ అనే ఆయన నిద్రపోయే సుందరులన్నారు. మీ డయాటమ్ పేపర్ ఇంకా నిద్రలో ఉందేమో.

కోర్టులో వాడకం ఏ సైటేషన్ డేటాబేస్‌లోకీ ఎక్కదు. అది మా పద్ధతికి ఉన్న లోపమే, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న దానికి ముందుది: సున్నా అయినా సరే, ఆ సున్నా ఎవరిది?

రాజోలు కుర్ర డాక్టర్:
మంచి ప్రశ్న. మాస్టారూ, మీ డయాటమ్ పేపర్ మీద ఎన్ని పేర్లున్నాయి?

పాత మార్చురీ:
నాలుగు. అయితే?

రాజోలు కుర్ర డాక్టర్:
సీసాలు పట్టుకుని కాలువ గట్ల మీద తిరిగింది నలుగురూనా?

పాత మార్చురీ:
ఇద్దరం. మిగతా ఇద్దరూ డిపార్ట్‌మెంటువాళ్లు. అప్పట్లో అలాగే వేసేవాళ్లం. ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

రాజోలు కుర్ర డాక్టర్:
అయితే భీమవరం గారి ఫ్రాక్షనల్ ప్రకారం గట్టు మీద తిరిగినవాడికి 0.25, ఫ్యాను కింద కూర్చున్నవాడికి 0.25. బాగుంది.

భీమవరం లెక్కలు:
అది పద్ధతి తప్పు కాదు, డేటా తప్పు. తూకం రాయి సరిగ్గానే ఉంది, బస్తాలో ఇసుక కలిపితే నేనేం చేస్తాను. పైగా సహకారం కొలవడానికి వేరే సూత్రాలున్నాయి. సుబ్రమణ్యం 1983లో ఇచ్చిన డిగ్రీ ఆఫ్ కొలాబరేషన్ చూడండి. ఒకరికన్నా ఎక్కువమంది రాసిన పేపర్లను మొత్తం పేపర్లతో భాగించాలి. 100లో 92 అలాంటివి అనుకోండి, 0.92. సహకారం బలంగా ఉందన్నమాట.

రాజోలు కుర్ర డాక్టర్:
సహకారమా? ఎక్కడండీ సహకారం?

భీమవరం లెక్కలు:
సూత్రంలో దాని పేరే అది. ఇద్దరు రాసినా పదిమంది రాసినా ఇందులో ఒకటేనన్న విమర్శ ఉంది, నిజమే. అందుకే 1988లో అజిఫెరుకే బృందం కొలాబరేటివ్ కోఎఫిషియంట్ తెచ్చింది. ఇద్దరుంటే 0.5, ఐదుగురుంటే 0.8, ఒక్కడే రాస్తే 0.

రాజోలు కుర్ర డాక్టర్:
మీరు నేనన్నది వినడం లేదు. పేర్లు ఎక్కువైతే సహకారం ఎక్కువైందని మీ సూత్రం అంటోంది. పేర్లు ఎక్కువ కావడానికి వేరే కారణం ఉంటే?

భీమవరం లెక్కలు:
సూత్రానికి కారణాలతో పని లేదండీ.

రాజోలు కుర్ర డాక్టర్:
నాకుంది. నా పీజీ థీసిస్ పేపర్‌గా వచ్చింది. రెండేళ్లు వేసవిలో ఏసీ పనిచేయని మార్చురీలో నిలబడి కొలతలు తీసుకున్నాను. నా పేరు మూడోది. మొదటి పేరు ఎవరిదో ఆయన ఆ గదిలోకి ఒక్కసారి వచ్చారు, అదీ ఇన్‌స్పెక్షన్ రోజు. అడిగితే "నీకు ముందు చాలా టైముందిలే" అన్నారు.

2015లో మెడికల్ కౌన్సిల్ ప్రమోషన్లకు మొదటి ఇద్దరు రచయితలకే లెక్క అంది. కేస్ రిపోర్టులు, అంటే ఒక్క కేసు గురించి రాసే పేపర్లు, అసలే లెక్కలోకి రావంది. ఫోరెన్సిక్ బతికేదే కేసు మీద! నా దగ్గరకు వచ్చిన ఒక విచిత్రమైన విషప్రయోగం కేసు రాస్తే ప్రమోషన్‌కు పనికిరాదు. ఫస్టియర్ పిల్లల కాలి ఎముక పొడవు టేపుతో కొలిచి "మా జిల్లా జనాభాలో ఎత్తు అంచనా" అని రాస్తే పనికొస్తుంది. అదే రాశాను. నాకే సిగ్గు.

పాత మార్చురీ:
ఆ టేపు పేపర్లు చదివీ చదివీ నాకు విసుగొచ్చింది. అందరూ అదే. 1973లో డెమిర్జియన్ పళ్లను బట్టి వయసు చెప్పే పద్ధతి ఇచ్చాడు, ఫ్రెంచ్ కెనడా పిల్లల మీద. అప్పట్నుంచి ప్రతి ఊరివాడూ మా ఊరి పిల్లలకు సరిపోతుందా అని ఒక పేపర్, డెమిర్జియన్‌కు ఒక సైటేషన్. ఆయన లెక్క పెరిగిందంటే అందులో సగం మనలాంటి వాళ్ల ప్రమోషన్ల పుణ్యమే.

ముమ్మిడివరం పిల్ల:
పోక్సో కేసులో అమ్మాయి వయసు తేల్చాలంటే ఆ "మా ఊరి పిల్లల" పేపరే కావాలి మాస్టారూ. కెనడా లెక్క ఇక్కడ ఏడాది అటూ ఇటూ అయితే పరిణామం ఏంటో మీకు నేను చెప్పాలా?

పాత మార్చురీ:
సరే, అది ఒప్పుకున్నాను.

లైబ్రరీ మెట్లు:
రాజోలు గారు చెప్పినదాన్ని నేను కొలవొచ్చు. 2015కు ముందు, తర్వాత పేపర్లు విడదీసి సగటు పేర్లెన్ని, కేస్ రిపోర్టులు తగ్గాయా అని చూడొచ్చు. 2020లో నియమం మళ్లీ మారింది: మొదటి ముగ్గురిలో ఉండాలి లేదా కరస్పాండింగ్ రచయిత (పత్రికతో ఉత్తరాలు నడిపేవారు) అయి ఉండాలి. కేస్ సిరీస్‌లను, అంటే ఒకే తరహా కేసులు కొన్ని కలిపి రాసినవాటిని, లెక్కలోకి తెచ్చారు. అక్కడ ఇంకో గీత గీస్తాను.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. మనకు ఇంటిపేరు ముందు. డేటాబేస్‌కు చివరి ముక్కే ఇంటిపేరు. కాబట్టి మన జిల్లాలో సత్యనారాయణలందరిదీ ఒకే కుటుంబం అనుకుంటుంది అది. అన్నవరం పక్కన ఉండి ఇది తప్పదు. ఒకాయన హెచ్-ఇండెక్స్ 14 అని చూపిస్తోంది, అంటే 14 పేపర్లకు తలో 14కు తగ్గకుండా సైటేషన్లు. తీరా చూస్తే అందులో ఒకరు వరి పరిశోధకుడు, ఒకరు కెమిస్ట్రీ. 2012లో ఆర్కిడ్ వచ్చింది, 16 అంకెల నంబరు, దీనికోసమే. పెద్దవాళ్లెవరూ తీసుకోలేదు.

పంటు రేవు:
2010లో ఫ్రాన్స్‌లో ఒకాయన లేని మనిషిని సృష్టించి దొంగ పేపర్లు నెట్‌లో పెడితే గూగుల్ స్కాలర్ ఆ లేని మనిషికి హెచ్-ఇండెక్స్ 94 ఇచ్చిందిట. సత్యనారాయణలు ఉన్నవాళ్లే కదా, నయం.

పాత మార్చురీ:
రాజోలు అబ్బాయీ, నీ బాధ అర్థమైంది. కానీ డిపార్ట్‌మెంటు హెడ్ అంటే ఊరికే ఫ్యాను కింద కూర్చున్నవాడని రాశావు. బాధ్యత అనేది ఒకటుంటుంది. రేపు ఆ పేపర్‌లో తప్పు దొర్లితే జవాబు చెప్పాల్సింది హెడ్.

రాజోలు కుర్ర డాక్టర్:
బాధ్యతా? అనుమానాస్పద మరణాలకు వాడే సెక్షన్ 174 కింద, కొత్త చట్టంలో 194 అంటున్నారు లెండి, శవం వస్తే పోస్టుమార్టం రిపోర్టు మీద హెడ్ ఎప్పుడైనా పేరు వేసుకున్నారా? వేసుకోరు. ఎందుకంటే సంతకం పెట్టినవాడికి సమన్లు వస్తాయి, బోనులో నిలబడాలి, డిఫెన్సు లాయరు చొక్కా పట్టుకున్నట్టు అడుగుతాడు. పేపర్ మీద మాత్రం మొదటి పేరు కావాలి. ఎందుకంటే పేపర్‌కు సమన్లు రావు.

పాత మార్చురీ:
నోరు అదుపులో పెట్టుకో. నువ్వు పుట్టకముందు నుంచి నేను బోనులో నిలబడుతున్నాను. నాకు బాధ్యత పాఠం చెప్తావా?

రాజోలు కుర్ర డాక్టర్:
మీ గురించి అనలేదు. అయినా మీకు తగిలిందంటే ఎందుకు తగిలిందో మీకే తెలియాలి.

ముమ్మిడివరం పిల్ల:
బాబోయ్. ఆపండి ఇద్దరూ.

భీమవరం లెక్కలు:
ఇంతకీ ఫ్రాక్షనలేనా?

లైబ్రరీ మెట్లు:
కోపాలు పక్కనపెట్టి ఒక మాట. వాంకూవర్‌లో 1978లో కలిసిన వైద్య పత్రికల సంపాదకుల బృందం, ఐసీఎంజేఈ, రచయితంటే ఎవరో రాసిపెట్టింది. పని రూపకల్పనలో గానీ, డేటా సేకరణలో, విశ్లేషణలో గానీ గట్టి పాత్ర ఉండాలి. రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి. చివరి ప్రతికి ఆమోదం ఇవ్వాలి. 2013లో నాలుగోది కలిపారు: పని మొత్తానికి జవాబుదారీ కావాలి. నాలుగూ ఉండాలి. కేవలం పైనుంచి పర్యవేక్షించడం సరిపోదని కూడా అందులో ఉంది. ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ చదవరు: మొదటి పని చేసినవాళ్లకు రాసే అవకాశం ఇవ్వకుండా ఆపి, "నువ్వు రాయలేదు కదా" అని తీసేయడానికి ఈ నియమాలు వాడకూడదు.

రాజోలు కుర్ర డాక్టర్:
ఆ చివరి ముక్క ప్రింటు తీసి మా డిపార్ట్‌మెంటు తలుపుకు అంటిస్తాను.

పాత మార్చురీ:
రాత్రి నిద్ర పట్టలేదు. అందుకని పొద్దున్నే రాస్తున్నాను.

ఒక పేపర్ ఉంది. నా జూనియర్ రాశాడు, లాకప్ మరణాల్లో గాయాల తీరు మీద. అదే వారం ఒక కేసులో అతని రిపోర్టు పోలీసులకు మింగుడు పడలేదు. ఫోన్లు వచ్చాయి. పేపర్ మీద మొదటి పేరు నాదే వేయమన్నాను. అతను వద్దనలేదు. పెద్దవాడి పేరు ముందుంటే ఇతని జోలికి రారని అనుకున్నాను. రాలేదు కూడా. కుర్రాడు పేరంటే మెప్పు అనుకుంటున్నాడు, నేను గొడుగు అనుకున్నాను.

రాజోలు కుర్ర డాక్టర్:
గొడుగు రెండో పేరుగా పట్టుకున్నా తడవకుండా ఉండేవాడు కదా మాస్టారూ. లేదా చివర. ఆ మొదటి స్థానంతో ఆ జూనియర్‌కు ప్రమోషన్ వచ్చేది. అతను మిమ్మల్ని ఎప్పుడైనా అడిగాడా?

పాత మార్చురీ:
లేదు.

రాజోలు కుర్ర డాక్టర్:
నేనూ మా సార్‌ను ఒక్కసారే అడిగాను. తర్వాత అడగలేదు.

భీమవరం లెక్కలు:
ఏ కౌంటింగ్‌లో వేసినా ఈ సంగతి బయటకు రాదు. నిన్న తూకం, బస్తా అన్నాను. బస్తా విప్పి చూడటానికి దారే లేకపోతే తూకం దేనికని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

లైబ్రరీ మెట్లు:
మూడు పద్ధతుల్లోనూ లెక్కపెట్టి మూడూ పక్కపక్కన వేస్తాను. గైడ్ తిడితే తిట్టనీ. కొత్త పత్రికల్లో ఎవరు ఏ పని చేశారో చివర రాస్తున్నారు, క్రెడిట్ అనే 14 పాత్రల జాబితా ప్రకారం. అలాంటి పేపర్లను వేరే తీస్తాను. పాతవాటికి మాత్రం మనుషుల్ని అడగడమే దిక్కు.

మాస్టారూ, అందుకే అడుగుతున్నాను. మీ పేరుతో డేటాబేస్ 11 పేపర్లు చూపిస్తోంది. మీ పేరుగలవాళ్లు ఇంకా ఉన్నారు. మీవి ఏవి?

పాత మార్చురీ:
పదకొండులో నావి ఏడు. మిగతా నాలుగు ఎవరివో నాకు తెలీదు, అందులో ఒకటి కొబ్బరి తెగులు మీద. ఆ ఏడులో రెండు నేను రాయలేదు.

లైబ్రరీ మెట్లు:
ఆ రెండూ ఏవో చెప్తారా?

పాత మార్చురీ:
విడిగా మెసేజ్ పెట్టాను. ఆ జూనియర్ ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా రాశాను. ముందు అతన్ని అడుగు.