ఓడల మీద పుట్టిన ఇంగ్లీషు నానుడులను మీరు ఎలా వాడుతున్నారు?

ఇంగ్లీషు ఉపాధ్యాయిని:
తెరచాప ఓడల కాలంలో పుట్టిన నానుడులకు ఒక్క ముక్కలో అర్థం చెబితే డిగ్రీ విద్యార్థులు పరీక్ష దాకా గుర్తుంచుకుంటారు కానీ మాటల్లో వాడరు. మీకు ఇవి ఎలా పట్టుబడ్డాయో దయచేసి తెలుపగలరు.

ఓడ ఉద్యోగి:
‘టేకెన్ అబ్యాక్’ అసలు సంగతి తెలిస్తే ఇక మరచిపోరు. గాలి ఉన్నట్టుండి దిశ మారి ఎదురుగా కొట్టినప్పుడు తెరచాపలు వెనక్కి, తెరచాప కొయ్యకు అదుముకుపోయి, సాఫీగా సాగుతున్న ఓడ ఉన్నచోటనే నిలిచిపోయేది, ఒక్కొక్కసారి వెనక్కి కూడా నడిచేది. అందుకే మామూలు ఆశ్చర్యానికి కాక, ఎదుటివారి మాటకు నోట మాట రాని సందర్భానికే దీనిని వాడటం సబబు. తప్పతాగినవారిని గురించి చెప్పే ‘త్రీ షీట్స్ టు ద విండ్’లో షీట్ అంటే చాప అనుకుంటారు, అది చాప కింది మూలను బిగించి ఉంచే తాడు. ఆ తాళ్లు జారిపోతే చాప టపటప కొట్టుకుంటుంది, ఓడ అదుపు తప్పుతుంది.

అనువాదకుడు:
‘బై అండ్ లార్జ్’ను నేను ‘మొత్తం మీద’ అని రాస్తాను. గాలికి వీలైనంత ఎదురుగా నడవడం ‘బై’, వెనుక వాటు గాలితో నడవడం ‘లార్జ్’. రెండు విధాలా బాగా నడిచే ఓడను గురించి ఈ మాట పుట్టింది. కనుక మంచిచెడులు రెండూ చూసి తేల్చిన అభిప్రాయానికి ఇది చక్కగా అతుకుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
మనం రోజూ చేసే ‘లాగిన్’ కూడా అక్కడిదే. ముడులు వేసిన తాడుకు చెక్క ముక్క కట్టి ఓడ వెనుక నీటిలో విడిచేవారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా, 47 అడుగుల 3 అంగుళాలకు ఒకటిగా ఉన్న ముడులు ఎన్ని చేతిలోంచి జారాయో లెక్కపెట్టి వేగం తేల్చేవారు. చెక్క పేరు ‘లాగ్’. వేగం రాసుకునే పుస్తకం లాగ్‌బుక్ అయింది. అలా నమోదు చేయడం నుంచే ‘లాగిన్’ వచ్చింది. ఓడ వేగాన్ని నేటికీ ‘నాట్ల’లోనే, అంటే ముడుల్లోనే చెబుతారు.

ఓడ ఉద్యోగి:
‘పైప్ డౌన్’ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రాత్రి బోసన్, అంటే నావికుల మేస్త్రీ, ఈల ఊది నావికులను కిందికి, పడకలకు పంపే ఆజ్ఞ అది. స్నేహితుల మధ్య చెల్లుతుంది. సమావేశంలో పై అధికారితో అంటే ‘నోరు మూయండి’ అన్నట్టే.