టెక్నాలజీ మనకు చేసింది మేలు ఎక్కువా, కీడు ఎక్కువా?

పాకాల ఆయకట్టు, నర్సంపేట:

మా పదో తరగతి మిత్రుల గ్రూపులో కొన్నాళ్లుగా ఒకటే వాదన. సైన్సు, యంత్రాలు పెరిగిన కొద్దీ మనిషి బాగుపడ్డాడా, చెడిపోయాడా అని. అక్కడ అరుపులు తప్ప ఆలోచన లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. నా మాట ముందే చెప్తాను: మన వరంగల్ రైతు వైపు నుంచి లెక్క తీస్తే కీడే ఎక్కువ.

పాత రోజులే బంగారం అనే మనిషిని కాదు. పాకాల చెరువు కూడా టెక్నాలజీయే. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో గుట్టల మధ్య కట్ట పోసి, తూములు పెట్టి కట్టిన ఆ చెరువు ఇప్పటికీ మా పొలాలకు నీళ్లిస్తోంది. కానీ చెరువుతో పాటు ఒక పద్ధతి ఉండేది. తూము ఎప్పుడు లేపాలో నీరటి చూసుకునేవాడు. చివరి మడికి నీళ్లు అందకపోతే పది మంది కట్ట మీదికి పోయి అడిగేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ అడగడం పోయింది, ఎవరి మోటారు వాళ్లది. పక్కవాడు మూడు వందల అడుగులు దించితే నేను నాలుగు వందలు దించాలి. బోరు ఎండిపోయినా దాని కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆగదు. ఇంకోపక్క చెరువుల్లో పూడిక పేరుకుపోయింది, శిఖం భూములు, అంటే చెరువు నీళ్లు నిలిచే భూములు, ప్లాట్లయ్యాయి. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచే ఆటో స్టార్టర్లు ఉన్నవాళ్లు రాత్రంతా నీళ్లు తోడారు. లేనివాళ్లు చీకట్లో మోటారు వేయడానికి పోయి పాము కాటుకో, కరెంటు షాక్‌కో బలయ్యారు.

పత్తి సంగతి ఇంకా ఘోరం. 1997-98లో లద్దెపురుగు పడ్డప్పుడు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, మన జిల్లా రైతులు ఆ మందే తాగి చనిపోయారు. 2002లో బీటీ పత్తికి, అంటే కాయతొలుచు పురుగును తట్టుకునేట్టు జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చింది. ప్యాకెట్ 1,600 రూపాయల పైనే అమ్మారు. 2006లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కొట్లాడితే గానీ 750కి దిగలేదు. మొదట్లో కాయతొలుచు పురుగు తగ్గింది, మందుల ఖర్చూ తగ్గింది, అది నిజమే. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు గడ్డి మందు కొట్టినా చావని పత్తి అని, అనుమతే లేని గింజలు దొంగచాటుగా తిరుగుతున్నాయి. అవి మొలవకపోతే ఎవరిని అడగాలి? చేతిలో బిల్లు కూడా ఉండదు. పాత వస్తువు చేసిన నష్టాన్ని నేను తీరుస్తానంటూ కొత్త వస్తువు వస్తుంది, ఇంకో అప్పు పెట్టి పోతుంది. దీన్ని అభివృద్ధి అనడానికి నాకు మనసొప్పదు.

స్టాఫ్ నర్స్, హన్మకొండ:

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ కీడే ఎక్కువ అన్న మాట నేను ఒప్పుకోను. మీరు చేను లెక్క తీశారు, నేను కాన్పుల వార్డు లెక్క చెప్తాను.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకముందే చనిపోయేవాళ్లు. 2020 నాటికి అది 28కి తగ్గింది. మన ఊళ్లలో ముసలమ్మలను ఎంత మంది పిల్లలమ్మా అని అడిగి చూడండి. ఉన్నోళ్లను చెప్పాలా, పోయినోళ్లతో కలిపి చెప్పాలా అంటారు. ఈ మాట ఇప్పటి తల్లులు అనాల్సిన అవసరం రావడం లేదంటే దాని వెనక టీకా ఉంది, టీకాను చల్లగా ఊరిదాకా మోసుకొచ్చే ఐస్ పెట్టె ఉంది, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను పడుకోబెట్టే వార్మర్ ఉంది. పోలియో చివరి కేసు మన దేశంలో 2011 జనవరిలో వచ్చింది, మళ్లీ రాలేదు. 2005లో 108 మొదలయ్యాక, అర్ధరాత్రి నొప్పులు వస్తే ఎడ్లబండి కోసం చూసే రోజులు పోయాయి. మీరు చెప్పిన పాము కాటుకు కూడా బతికించేది యాంటీవీనమే కదా.

అయితే ఒక విషయం నేనూ దాచను. పారాక్వాట్ అనే గడ్డి మందు తాగి వచ్చినవాళ్లను చూశాను. దానికి విరుగుడు లేదు. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, ఇంటివాళ్లు బతుకుతాడనే అనుకుంటారు, రోజు రోజుకూ ఊపిరితిత్తులు పని చేయడం మానేస్తాయి. ఎన్నో దేశాలు దాన్ని నిషేధించాయి. ప్రాణం పోసే మందూ, ప్రాణం తీసే ఈ మందూ ఒకే కెమిస్ట్రీ నుంచి వచ్చాయి. కాబట్టి కెమిస్ట్రీ మంచిదా చెడ్డదా అని తిట్టుకుంటూ కూర్చుంటే ఒక్క ప్రాణం కూడా దక్కదు. ఏది షాపులో అమ్మాలి, ఏది అమ్మకూడదు అన్నది తేల్చాలి.

కాజీపేట ఇంజనీర్:

అక్క చెప్పిందే ఇంకొంచెం ముందుకు తీసుకుపోతాను. జర్మనీలో ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియాగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. 1913లో ఫ్యాక్టరీ మొదలైంది. ఈ రోజు ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి ఆ ఎరువు మీదే నిలబడింది. మన రామగుండంలో 1999లో మూతపడి 2021లో మళ్లీ మొదలైన యూరియా కర్మాగారం చేసేదీ అదే పని. అదే హాబర్ 1915లో బెల్జియంలో సైనికుల మీద క్లోరిన్ గ్యాస్ వదలడం దగ్గరుండి చూసుకున్నాడు. అదే అమ్మోనియాతో బాంబులూ చేశారు. మరి హాబర్ పద్ధతి వద్దందామా? యూరియా బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టి నిలబడే మన రైతునే అడగండి.

ఇంకొకటి. ఉపాధి హామీ కూలి, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. మన ఆదిలాబాద్ జిల్లా కూడా అందులో ఉంది. కూలి డబ్బులు త్వరగా అందాయి, మధ్యలో మింగడం తగ్గింది. ఆ పరిశోధన 2016లో అచ్చయింది. మధ్యవాడి చేతిలో మోసపోయిన పేదవాడికి యంత్రం చేసిన మేలు ఇది. దీన్ని లెక్కలో వేయకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

పాత బాయి పనివాడు, గోదావరిఖని:

నేను సింగరేణి బొగ్గు బాయిలో, అంటే గనిలో, తట్ట ఎత్తినవాణ్ని. ఇప్పుడు రిటైరయ్యాను. నెత్తిన బొగ్గు తట్ట పెట్టుకుని నడిచే పని ఎట్లా ఉంటుందో చేసినవాడికే తెలుసు. చెమట, దుమ్ము, గాలి ఆడదు, పైకప్పు ఎప్పుడు కూలుతుందో అని బుగులు. మిషన్లు వచ్చి ఆ పని పోయిందంటే నేను ఏడవను. నా కొడుకు ఆ తట్ట ఎత్తాలని నేను ఏనాడూ కోరుకోలేదు.

కానీ 1990ల మొదట్లో కంపెనీలో 1 లక్షా 16 వేల మంది ఉండేవాళ్లం. ఇప్పుడు దాదాపు 40 వేలు. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ తీస్తున్నారు. తట్ట పోయినందుకు సంతోషమే, తట్టతో పాటు జీతం కూడా పోయింది కదా. ఆ మిగిలిన డబ్బు నుంచి మా కాలనీల పిల్లలకు ఏం వచ్చింది? కాంట్రాక్టు పని వచ్చింది. భూమిని పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్ కాస్టులు వచ్చాక ఊర్లకు ఊర్లే లేచిపోయాయి, బొందలగడ్డలు మిగిలాయి. బ్లాస్టింగ్ పెడితే పక్క ఊళ్లో ఇళ్ల గోడలు పగుళ్లు తేలతాయి. లోపల చనిపోయే కార్మికుల సంఖ్య తగ్గింది, అది పెద్ద మాటే, నేను తక్కువ చేయను. అందుకే మేలా కీడా అని ఒక్క ముక్కలో అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడగండి, పేర్లతో సహా చెప్తాను.

కైకిలి బిడ్డ, జనగామ:

ఇంజనీర్ అన్నా, మీరు స్మార్ట్‌కార్డు గురించి చెప్పింది నిజమే. అందులో ఒక మాట వదిలేశారు. ఆ పరీక్షలో కార్డు లేనివాళ్లకు కూడా పాత పద్ధతిలో డబ్బులు ఇస్తూనే ఉన్నారు. తర్వాత అదే పరిశోధకులు ఝార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసిన తీరును చూశారు. అక్కడ ఆధార్ లింక్ కాని అసలైన పేదలకు అందేది తగ్గింది. వేలిముద్ర యంత్రం రెండు చోట్లా ఉంది. ఒక చోట వెనక తలుపు తెరిచి ఉంచారు, ఇంకో చోట మూసేశారు.

మన రాష్ట్రంలో ఏం జరిగింది? 2014, 2019 మధ్య 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ రకరకాల ప్రభుత్వ రికార్డులను కలిపి, ఈ ఇంట్లో కారుంది, ఈ ఇంట్లో ఉద్యోగి ఉన్నాడు అని పోల్చి చెప్పేది. ఆ పోలికలను నమ్మి, ఇంటికొచ్చి చూడకుండానే ఎన్నో పేర్లు తీసేశారు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో మనుషులు ఇంటింటికీ పోయి మళ్లీ చూడాలని చెప్పింది. ఆ ఏడాది జూలై దాకా రెండు లక్షల పైచిలుకు చూస్తే 15 వేలకు పైగా అర్హులని తేలింది. కైకిలి (కూలి) చేసుకుని బతికే ఇంట్లో నెల నెలా వచ్చే బియ్యం ఆగిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా వాడకట్టులో ఒక విధవరాలికి కార్డు పోయింది. ఆఫీసుకు పోతే కంప్యూటర్‌లో అట్లనే వస్తుందమ్మా, మా చేతిలో ఏం లేదు అన్నారు. ఆ మాట అన్న మనిషి చెడ్డవాడు కాదు. నిజంగానే అతని చేతిలో ఏం లేదు.

భూమి సంగతీ అంతే. 2020 అక్టోబర్‌లో భూమి రికార్డుల కోసం ధరణి అనే వెబ్‌సైట్ వచ్చినప్పుడు, భూమిని నిజంగా ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే అనుభవదారు కాలమ్ లేకుండా వచ్చింది. కౌలుకు చేసేవాళ్లు, సాదా కాగితం మీద కొనుక్కున్నవాళ్లు స్క్రీన్ మీద కనిపించకుండా పోయారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. మధ్యలో పోయిన ఆ నాలుగైదేళ్లను ఎవరు తిరిగిస్తారు?

కాజీపేట ఇంజనీర్:

చెల్లె, నువ్వు చెప్పిన దేంట్లోనూ తప్పు యంత్రానిది కాదు. ఏ కాలమ్ ఉండాలో, ఏ పోలికను నమ్మాలో మనుషులే నిర్ణయించారు. పాత పహాణీల (ఊరి భూమి రికార్డుల) కాలంలో పట్వారీ పెన్నుతో చేసిన మోసాలు తక్కువా? సాఫ్ట్‌వేర్ అయితే కనీసం ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకోవచ్చు, సరిదిద్దవచ్చు. నష్టమంతా టెక్నాలజీ ఖాతాలో రాయడం వల్ల నిర్ణయం చేసినవాళ్లు తప్పించుకుంటున్నారు.

పాకాల ఆయకట్టు, నర్సంపేట:

తమ్మీ, పట్వారీ మోసం చేస్తే ఒక ఊరు మునిగేది. అతని ఇల్లు తెలుసు, గల్లా పట్టుకుని అడిగేవాళ్లూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు పడితే ఒక్క రోజులో లక్షల ఇళ్ల మీద పడుతుంది, అడుగుదామంటే మనిషి దొరకడు. ఇంత వేగంగా, ఇంత దూరం తప్పును మోసుకుపోయే బలం యంత్రమే ఇచ్చింది. అందుకే అది ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడటానికి వీల్లేదు.

నర్స్ చెల్లె చెప్పిన పిల్లల లెక్క నన్ను ఆలోచనలో పడేసింది. ఆ టీకా ఎందుకు అంత మేలు చేసింది? ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది, బిడ్డకు జ్వరం వస్తే మళ్లీ ఆమెనే అడుగుతాం. పురుగు మందు డబ్బా వెంట అట్లాంటి మనిషి ఎవరూ రారు, అమ్మినవాడే డాక్టరు. జనగామ దగ్గర ఏనెబావి రైతులు ఊరంతా కూర్చుని మాట్లాడుకుని రసాయనాలు మానేశారు. 2006లో ఆ ఊరు రసాయనాలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. వాళ్లు ట్రాక్టర్లు వద్దనలేదు, ఫోన్లు వద్దనలేదు. ఏది కావాలో, ఏది వద్దో తామే తేల్చుకున్నారు. మిగతా ఊళ్లకు ఆ హక్కు వచ్చేదాకా నా లెక్కలో కీడు వైపే తూకం మొగ్గుతుంది.

స్టాఫ్ నర్స్, హన్మకొండ:

ఏనెబావి వాళ్లు టీకాలు కూడా వద్దనలేదు అన్నా. నా తూకం ఇంకా మేలు వైపే. కానీ అడిగే మనిషి ఉండాలన్న మాట దగ్గర మీరూ నేనూ ఒకటే.

పాత బాయి పనివాడు, గోదావరిఖని:

మరి అది ఎట్లా చేయాలో కూడా మాట్లాడుకుందాం. బాయిలో మాకు పిట్ సేఫ్టీ కమిటీ అని ఉండేది. గనుల నిబంధనల్లో రాసి ఉంది, ఎవరి దయా కాదు. మేనేజరుతో సమానంగా కార్మికుల ప్రతినిధులు అందులో కూర్చుంటారు. కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. లోపలికి దిగి కప్పు చూస్తాడు, గాలి చూస్తాడు, మిషన్ చూస్తాడు, ప్రమాదం కనిపిస్తే రిజిస్టర్‌లో రాస్తాడు. రాసినదానికి మేనేజ్‌మెంట్ జవాబు చెప్పాలి. అది అన్ని బాయిల్లో బాగా నడిచిందని చెప్పను. నడిచిన చోట మాత్రం మిషన్ పక్కన మనిషి మాట కూడా నిలబడింది.

రేషన్ కార్డులు తీసేసే సాఫ్ట్‌వేర్‌కు అట్లాంటి ఇన్‌స్పెక్టర్ ఎందుకు ఉండకూడదు? పేరు తీసేసే ముందు లిస్టు, కారణంతో సహా పంచాయతీ గోడకు అంటించాలి. గ్రామసభలో చదవాలి. కాదన్నవాళ్ల ఇంటికి మనిషి పోయి చూసేదాకా బియ్యం ఆపకూడదు. విత్తనాల సంగతి కూడా ఇంతే. కొత్త రకం మండలంలో అమ్మే ముందు, అది పోతే పరిహారం ఎవరిస్తారో పేరు, సంతకం ఉన్న కాగితం రైతు చేతికి రావాలి. ఇంజనీర్ తమ్మీ, సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతికి పట్టుకోవచ్చని నువ్వే అన్నావు. ఆ వెతికే పని జనగామ చెల్లెలాంటివాళ్లు కూడా చేయగలిగేట్టు తెలుగులో ఎట్లా పెట్టాలో నువ్వు రాయి. మేం చదివి, ఎక్కడ అర్థం కాలేదో చెప్తాం.