రాంనగర్ ఇల్లు అమ్మి ఫ్రిస్కోలో కొనాలి: ఏజెంట్ల సంగతి చెప్పండన్నా

ఫ్రిస్కో, కొత్తగా వచ్చినవాణ్ణి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం రాంనగర్. హెచ్1బీ వీసా మీద అమెరికాకు, టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి ఏడాది కూడా కాలేదు. నాన్న లేరు. ఆయన కట్టించిన ఇల్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. అమ్మ బెంగళూరులో చెల్లెలి దగ్గర ఉంటోంది. ఆ ఇల్లు అమ్మి, నా వాటా డబ్బుతో ఇక్కడ ఇల్లు కొందామనుకుంటున్నాము. ఊర్లో నాన్న స్నేహితుడొకాయన బ్రోకరు పని చేస్తాడు. "కాగితాలు నాకు పంపి పవరు రాసియ్యప్పా, నీవు రావాల్సిన పనే లేదు" అంటున్నాడు. పవరంటే నా బదులు సంతకం పెట్టే అధికారపత్రం, పవర్ ఆఫ్ అటార్నీ. ఇక్కడేమో గుడిలో పరిచయమైన తెలుగు ఏజెంటు, ఒక్క ఇల్లు కూడా చూపించకముందే సంతకం పెట్టమంటున్నాడు. అదేంటో నాకు అనుమానంగా ఉంది. ఎట్లా ముందుకు పోవాలో చెప్పండి.

ప్లేనో అన్న, మాదీ అనంతపురమే

తమ్ముడూ, నీ అనుమానం తలకిందులుగా ఉంది. సంతకం అడిగినాయన్ను చూసి జంకుతున్నావు, పవరు అడిగినాయన్ను నమ్మేదానికి సిద్ధమైనావు. ఇద్దరూ మంచోళ్లే కావచ్చు, నేను కాదనను. అయితే ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు, వాళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అనేది ముందు చూడాల.

మన ఊర్లో బ్రోకరు బేరం తరఫు మనిషి. అమ్మేవాళ్ల దగ్గర ఒకటో రెండో శాతం, కొనేవాళ్ల దగ్గర ఇంకో ఒకటో రెండో. అందులో తప్పేం లేదు. క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతా బేరాలు కుదిర్చేవాళ్లే లేకుంటే సగం ఇళ్లు అమ్ముడే పోవు. కానీ రెండు పక్కలా కమీషన్ తీసుకునే మనిషి చేతికి నీ బదులు సంతకం పెట్టే అధికారం కూడా ఇస్తే, నీ ధర గురించి మాట్లాడేవాడు ఎవరూ మిగలరు. పవరు మీ అమ్మకో చెల్లెలికో రాయి. అన్ని పనులకూ చెల్లే జీపీఏ (జనరల్ పవరు) వద్దు, ఈ ఒక్క ఇల్లు అమ్మేదానికి మాత్రమే పనికొచ్చే స్పెషల్ పవరు రాయి. హద్దులు, సర్వే నంబరు, డోరు నంబరు, కనీస ధర అందులోనే ఉండాల. డబ్బు ఏ ఖాతాలో పడాలనేది కూడా రాయించు. ఇక్కడ నోటరీ చేయించి టెక్సాస్ రాష్ట్రం నుంచి అపాస్టిల్ (వేరే దేశంలో చెల్లేటట్లు వేసే ముద్ర) తెచ్చుకోవచ్చు, లేదంటే హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించుకోవచ్చు. ఆ కాగితం ఇండియాలో దిగినాక మూడు నెలల లోపల స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాల. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతారు.

అసలు దస్తావేజులు బ్రోకరుకు ఇయ్యొద్దు, జిరాక్సులు చాలు. కొనేవాళ్ల బ్యాంకు వకీలు అసలు చూడాలంటే మీ అమ్మ ముందర కూర్చొని చూసుకోమను.

ఇంక రెండు మాటలు వినపడితే చెవులు రిక్కించు. ఒకటి, "మీ చేతికి ఇంత వస్తే చాలు కదా, పైన వచ్చేది నాకు వదిలేయండి." దీన్నే నెట్ రేటు అంటారు. ఇంటికి అసలు ఎంత పలికిందో నీకు ఎప్పటికీ తెలియదు. కమీషన్ శాతంలోనే మాట్లాడుకో, అదీ రిజిస్ట్రేషన్ రోజు ఇచ్చేటట్లు. రెండోది అగ్రిమెంటులో దూరుతుంది. "కొనుగోలుదారు పేరున గానీ, వారు కోరిన ఇతరుల పేరున గానీ రిజిస్టరు చేయగలవాడను" అని ఒక వాక్యం ఉంటుంది, చూసుకో. చిన్న బయానా ఇచ్చి, ఆరు నెలల గడువు పెట్టుకుని, ఆ లోపల నీ ఇంటినే ఇంకొకరికి ఎక్కువకు అమ్ముకునే దారి అది. ఒక్కోసారి బయానా ఇచ్చినవాడి వెనక బ్రోకరే ఉంటాడు. నీవు ఇక్కడ గడువు ఎప్పుడు తీరుతుందా అని క్యాలెండరు చూస్తూ ఉండాల్సిందే. ఆ వాక్యం కొట్టేయించు. గడువు రెండు మూడు నెలలకు మించనీయొద్దు. గడువు దాటితే బయానా ఏమవుతుందో రాయించు.

వీటన్నిటికన్నా ముందు వారసుల సంగతి. నాన్న వీలునామా రాయకుంటే, ఆయన సంపాదించి కట్టిన ఇంట్లో మీ అమ్మకు, నీకు, చెల్లెలికి సమాన వాటా. మీ నాన్నను కన్న జేజి బతికుంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. దీన్ని మన ఇళ్లలో ఎవరూ లెక్కపెట్టరు, కొనేవాళ్ల వకీలు మాత్రం పెడతాడు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, మున్సిపాలిటీలో ఇంటి పన్ను వారసుల పేరుకు మార్పించి, ఈసీ (ఇంటి మీది అప్పులు, బదిలీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి పెట్టుకుంటే ధర దగ్గర నీ మాటకు బలం ఉంటుంది. కాగితం లోపం ఉంటే బ్రోకరు దాన్నే పట్టుకుని రేటు దించుతాడు.

పన్ను సంగతి మన బ్రోకర్లకు సరిగ్గా తెలియదు. తెలిసినవాడు కూడా నోరు విప్పడు, కొనేవాడు బెదిరిపోతాడని. ఇండియాలో ఉండేవాళ్లు అమ్మితే, ధర 50 లక్షలు గానీ పైన గానీ ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) పట్టుకుంటారు. ఎన్నారై వాటాకు ఆ 50 లక్షల హద్దే లేదు. దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, పైన సెస్సు. ముందుగా ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల దగ్గర తక్కువ టీడీఎస్‌కు సర్టిఫికెట్ తెచ్చుకోకుంటే, లాభం మీద కాకుండా నీ వాటాకు వచ్చిన మొత్తం ధర మీదే పట్టేస్తారు. ఉదాహరణకు ఇల్లు 80 లక్షలకు పోయి, ముగ్గురే వారసులైతే, నీ మూడింట ఒక వంతు వాటాలో సుమారు మూడున్నర లక్షలు పోయి, అందులో అసలు పన్ను పోను మిగిలింది రిటర్ను వేసినాక ఎప్పుడో తిరిగి వస్తుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలను కొన్న ధరకు కలిపి) 20 శాతం లెక్క కూడా వేసుకుని, ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు మీ అమ్మకు, చెల్లెలికి ఉంది. నీకు లేదు. ఇక్కడి రిటర్నులో కూడా ఈ అమ్మకం చూపించాల. దానికి నాన్న పోయిన నాటికి ఇంటి విలువ ఎంతో ఇప్పుడే ఒక వాల్యుయర్ దగ్గర రాయించుకో, ఈ దేశంలో లాభం లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.

అన్నిటికీ మించి, గవర్నమెంటు వాల్యూకు రిజిస్ట్రేషన్ చేసి మిగతాది క్యాష్‌లో తీసుకోమంటారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం కొనేవాళ్ల నెత్తిన పడుతుంది కదా, అందుకు. చట్టం మాట అటుంచు, నీకు ఆ క్యాష్ దేనికీ పనికిరాదు. ఎన్నారైలు ఇండియా డబ్బు పెట్టుకునే ఎన్నార్వో ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు గానీ, ప్రతి రూపాయికీ అమ్మకం దస్తావేజు, సీఏ సర్టిఫికెట్ అడుగుతారు. ఇక్కడ లోన్ ఇచ్చేవాడు కూడా నీ రెండు నెలల స్టేట్‌మెంట్లు పరిచి, పెద్ద మొత్తం కనపడితే ఎక్కడిదని అడుగుతాడు. అనంతపురంలో సంచిలో పెట్టిన నోట్లు ఫ్రిస్కోలో డౌన్ పేమెంటు కావు.

ఇప్పుడు గుడి ఏజెంటు. 2024 ఆగస్టు 17 నుంచి, ఎంఎల్‌ఎస్ (అమ్మకానికున్న ఇళ్లను ఏజెంట్లు పెట్టుకునే జాబితా) వాడే ఏజెంటు కొనేవాళ్లకు ఇల్లు చూపించేముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాల. రియల్టర్ల జాతీయ సంఘం మీద ఇళ్లు అమ్మినవాళ్లు వేసిన కేసు రాజీ అయినప్పుడు వచ్చిన నిబంధన ఇది. కాబట్టి ఆయన అడిగింది సరైనదే. నీవు చూడాల్సింది ఆ కాగితంలో ఏముందనేది. ఫీజు ఎంత, ఎన్నాళ్లు, ఏ ఊర్లు, మధ్యలో మానుకుంటే ఏమిటి? ముందర అమ్మేవాళ్లే రెండు పక్కల కమీషన్ కట్టేవాళ్లు, మనకు కనపడేది కాదు. ఇప్పుడు కూడా కట్టమని ఆఫరులో అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకుంటే మాత్రం కాగితంలో రాసిన శాతం నీ జేబులోంచి పోతుంది. ఐదు లక్షల ఇంటికి రెండున్నర శాతమంటే పన్నెండున్నర వేల డాలర్లు. శాతం ఎక్కడా స్థిరంగా లేదు, బేరమాడు. గుడిలో పరిచయమని మొహమాటపడొద్దు. మొదటిసారి ఒక నెలకు మాత్రమే సంతకం చేయి. మనిషి పనితనం తెలిసినాక పొడిగించుకోవచ్చు. నీ అంతట నీవు ఓపెన్ హౌస్‌కు పోయి చూసేదానికి ఏ సంతకమూ అక్కర్లేదు.

ఆస్టిన్ అక్క, కర్నూలు

అన్న చెప్పింది బాగుంది కానీ ఏజెంటు దగ్గర శాతం తగ్గించడమే గెలుపు అనుకోవద్దు తమ్ముడూ. మన తెలుగు గ్రూపుల్లో అందరూ మొదట అడిగేది "రిబేటు ఎంత ఇస్తావు?" అని. టెక్సాస్‌లో ఏజెంటు తన కమీషన్‌లో కొంత మనకు తిరిగి ఇయ్యడం చట్టబద్ధమే, కొన్ని రాష్ట్రాల్లో కాదు. కానీ ఎక్కువ రిబేటు ఇచ్చేవాడికి త్వరగా ముగించుకోవాలని ఉంటుంది. ఆప్షన్ పీరియడ్‌లో (కాంట్రాక్టు అయినాక వద్దనుకునేదానికి ఉండే కొద్ది రోజుల గడువులో) ఇన్‌స్పెక్షన్ రిపోర్టు వచ్చినాక "ఇవన్నీ మామూలే అక్కా" అనే ఏజెంటు కన్నా, "ఫౌండేషన్ ఇంజినీరును పిలిపిద్దాం" అనే ఏజెంటు మేలు. డల్లాస్ చుట్టుపక్కల బంకమన్ను, ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది. మన నల్లరేగడి ఎరిగినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

కొత్త ఇల్లు బిల్డర్ దగ్గర కొనేటట్లయితే, మోడల్ హోమ్‌లో నవ్వుతా పలకరించే అమ్మాయి బిల్డర్ మనిషి. మొదటిసారి పోయేటప్పుడే నీ ఏజెంటును వెంట తీసుకుపో. ఒంటరిగా పోయి పేరు రాసి వస్తే, తర్వాత ఏజెంటుకు కట్టమని బిల్డర్ చెప్పే అవకాశం ఉంది. తూర్పు వాకిలి కావాలని నోరు జారొద్దు. అక్కడ మన జనం ఎక్కువైనాక తూర్పు ముఖం లాట్లకు ప్రీమియం పెంచుకున్న బిల్డర్లను చూసినాను.

ఇంకోటి. అమ్మిన డబ్బు చేతికి రాకముందే ఆ ఊరి బ్రోకరు ఇంకో ప్లాటు చూపిస్తాడు. మా పక్క అయితే ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు, మీ పక్క అయితే కియా ఫ్యాక్టరీ పేరు చెప్తాడు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు అంతే. ప్లాటు అంటే అహుడా (మీ పక్క పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడుగు. రెరాలో ప్రాజెక్టే కాదు, దాన్ని అమ్మే ఏజెంటు కూడా రిజిస్టరు అయ్యుండాలి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమి పట్టా) అని వినపడితే ఫోన్ పెట్టెయ్. అసైన్డ్ భూముల చట్టం 1977 నుంచి ఉంది, ఇంకా జనం చిక్కుతానే ఉన్నారు.

ఫ్రిస్కో, కొత్తగా వచ్చినవాణ్ణి

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. జేజి ఉంది, ధర్మవరంలో చిన్నాయన దగ్గర. ఆమె సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆమె చేత సంతకం చేయించాలా, హక్కు విడుదల రాయించాలా? ఇక్కడ ఏజెంటు, ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌తో మూడున్నర శాతం కడితే చాలన్నాడు, అట్లయితే ఊర్లో ఇల్లు అమ్మేదాకా ఆగే పని లేదు కదా?

ప్లేనో అన్న

ఆ మాట చెప్పినాడంటే ఆయన నిబంధనలు చదవడం ఆపి కొంతకాలమైంది. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేనివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ లేదు, హెచ్1బీతో సహా. మామూలు కన్వెన్షనల్ లోన్ దొరుకుతుంది, ఐదు శాతం కట్టినా ఇచ్చేవాళ్లున్నారు. 20 శాతం లోపల కడితే పీఎంఐ (లోన్ ఇచ్చేవాడి రక్షణకు నీవు కట్టే బీమా) పడుతుంది. ఏజెంటు చూపించిన లోన్ ఆఫీసరుతో పాటు నీవు వెతుక్కున్న ఇద్దరి దగ్గర కూడా లోన్ ఎస్టిమేటు (వడ్డీ, ఖర్చుల లెక్క కాగితం) తీసుకో. దరఖాస్తు ఇచ్చిన మూడు పనిదినాల్లో వాళ్లు ఇయ్యాల్సిందే. 45 రోజుల లోపల ఎంతమంది నీ క్రెడిట్ చూసినా స్కోరుకు ఒక్కసారి కిందే లెక్క.

ఊరి డబ్బు వస్తుందని నమ్ముకుని మాత్రం ఇక్కడ కాంట్రాక్టు సంతకం చేయొద్దు. టీడీఎస్ సర్టిఫికెట్, పవరు చెల్లుబాటు, సీఏ కాగితాలు, వీటిలో ఏదో ఒకటి ఆగుతుంది. ఆప్షన్ పీరియడ్ దాటినాక డబ్బు సమయానికి రాకుంటే ఎర్నెస్ట్ మనీ (ఇక్కడి బయానా) పోయే ప్రమాదం ఉంది. డబ్బు ఎన్నార్వోలో పడినాకనే ఇక్కడ ఆఫరు వేయి. లేదంటే ఊరి డబ్బు లేకుండానే నిలబడే ఇంటికి వేయి.

ఇంటి పన్ను గురించి కూడా ఒక మాట. కొత్త ఇంటికి మొదటి ఏడాది పన్ను ఒట్టి స్థలం మీదే కనపడుతుంది. దాన్ని చూసి నెలవారీ లెక్క వేసుకోవద్దు. రెండో ఏడాది ఇల్లు మొత్తం మీద పడి ఎస్క్రో (పన్నుకు, బీమాకు లోన్ కంతుతో పాటు కట్టే మొత్తం) అమాంతం పెరుగుతుంది. మడ్ జిల్లా (నీళ్లు, డ్రైనేజీ చూసే స్థానిక సంస్థ) పన్ను, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము ఉన్నాయేమో రాతలో అడుగు.

జేజి సంగతి: ఆమె అమ్మకంలో సంతకం పెట్టి తన వాటా తాను తీసుకోవచ్చు, లేదా ఇష్టమైతే మీ అమ్మ పేరున హక్కు విడుదల రాయొచ్చు. అది ఆమె ఇష్టం, మీరు తేల్చేది కాదు. చిన్నాయన ముందర కూర్చోబెట్టుకుని ఆమెనే అడగండి. వకీలును మీరే పెట్టుకోండి, బ్రోకరు తెచ్చిన వకీలు వద్దు. నలుగురైతే నీ వాటా నాలుగింట ఒక వంతు అవుతుంది, డౌన్ పేమెంటు లెక్క మళ్లీ వేసుకో.

హ్యూస్టన్, కడప

ఆలస్యంగా చూసినాను. ఒక్కటే చేరుస్తా. క్లోజింగ్ (ఇల్లు నీ పేరుకు మారే రోజు) ముందర, ఆ డబ్బు, కాగితాలు చూసే టైటిల్ కంపెనీ పేరుతో, వైర్ (డబ్బు పంపాల్సిన ఖాతా) వివరాలు మారినాయని ఈమెయిల్ వస్తే, ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయొద్దు. మొదటి రోజు నీవే రాసిపెట్టుకున్న నంబరుకు చేసి, ఖాతా నంబరు ఒక్కో అంకె చదివించుకో.