‘ఎక్స్‌రే అమరవీరుడు’ అనవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కాలేజీ పత్రికకు హైన్‌రిష్ ఆల్బెర్స్-షోన్‌బెర్గ్ మీద వ్యాసం రాస్తున్నాను. జర్మనీలో హాంబుర్గ్ ఆయన ఊరు. ఎక్స్‌రే డాక్టరు, ఆ కిరణాల వల్లే చనిపోయారు. రేడియాలజీకి, అంటే ఎక్స్‌రేల వంటి కిరణాలతో చేసే వైద్యానికి, తొలితరం ప్రొఫెసర్లలో ఆయన ఒకరు. ఇంగ్లిష్‌లో ‘ఎక్స్‌రే మార్టిర్’ అని రాస్తున్నారు కాబట్టి నేను ‘ఎక్స్‌రే అమరవీరుడు’ అని పెట్టాను. మా తెలుగు మేడమ్ చదివి, “అమరవీరుడంటే పోరాటంలో పోయినవాడు కదమ్మా, ఈయన డాక్టరు కదా” అన్నారు. మరేం రాయాలి?

ఒక సభ్యుడు:
‘హుతాత్ముడు’, అంటే తనను ఆహుతి చేసుకున్నవాడు, అని రాయండి. మరాఠీలో చక్కగా వాడుతున్నారు.

జవాబు:
హుతాత్ముడు మంచి మాటే గానీ, తెలుగు పత్రికలో చదివే పిల్లలు దాని దగ్గర ఆగిపోతారండీ. మేడమ్ గారి సందేహం మాత్రం సరైనది. అమరవీరుడు అనగానే మనకు హైదరాబాద్ గన్‌పార్క్ స్తూపం గుర్తొస్తుంది. ఎదుట తుపాకీ ఉండాలి, లేదా ఉద్యమం ఉండాలి. పొట్టి శ్రీరాములు గారు 1952లో నిరాహారదీక్షలో పోతే, ఆయన్ని జనం ‘అమరజీవి’ అన్నారు. చావు ఎలా వచ్చిందో చూసి మాటను ఎంచుకోవడం మన భాషకు అలవాటే. కాబట్టి ఈ డాక్టరు గారి చావు ఎలాంటిదో ముందు చూడాలి.

1895 చివర్లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టాడు. అప్పటికి ఆల్బెర్స్-షోన్‌బెర్గ్‌కు 30 ఏళ్లు. 1897 నాటికే ఆయన గియోర్గ్ డైకె అనే మరో డాక్టరుతో కలిసి హాంబుర్గ్‌లో ఎక్స్‌రే సంస్థ పెట్టాడు. అదే ఏడాది ఇద్దరూ కలిసి ఈ కిరణాల కోసమే ఒక వైద్య పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక ఈనాటికీ వస్తోంది. 1903లో సాంక్ట్ గియోర్గ్ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగం ఆయన చేతికి వచ్చింది. శరీరాన్ని నొక్కిపట్టి, చెదిరే కిరణాలను అడ్డుకునే ఒక పరికరాన్ని తయారుచేశాడు. దాంతో మసకమసగ్గా వచ్చే బొమ్మలు తేటపడ్డాయి.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ రోజుల్లో ఎక్స్‌రే ట్యూబు సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి డాక్టర్లు తమ చేతినే దాని ముందు పెట్టి, తెర మీద ఎముకలు ఎంత బాగా కనిపిస్తున్నాయో చూసుకునేవారు. రోజూ, పేషెంటు పేషెంటుకీ. అప్పటికప్పుడు నొప్పి ఉండదు. కొన్నేళ్లకు చర్మం ఎర్రబడి, పగిలి, మానని పుండై, క్యాన్సర్‌గా మారేది. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ 1904లో అలాగే చనిపోయాడు. రెండు చేతులూ తీసేసినా బతకలేదు. ఈ కిరణాలు ఏం చేస్తాయో అతనికి ఎవరూ ముందు చెప్పలేదు. అతని గురించి ‘ఎక్స్‌రేలకు బలయ్యాడు’ అంటే సరిగ్గా సరిపోతుంది.

ఆల్బెర్స్-షోన్‌బెర్గ్‌కు ఆ మాట సరిపోదు. 1903లో, గినీ పందుల మీదా కుందేళ్ల మీదా ప్రయోగాలు చేసి, ఈ కిరణాలు తగిలితే వాటికి సంతానశక్తి పోతుందని చూపించింది ఆయనే. కంటికి గాయం కనపడకపోయినా లోపల హాని జరుగుతుందని దాంతో తెలిసింది. సీసపు రక్షణ ఉండాలని గట్టిగా చెప్పిన తొలితరం డాక్టర్లలో ఆయనా ఒకరు. కానీ అంతకుముందు ఏళ్లలో తన ఒంట్లోకి పోయింది పోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేడు. ఎడమ చెయ్యి పోయింది, కుడిచేతి మధ్యవేలు పోయింది. అయినా పని వదల్లేదు. 1919లో హాంబుర్గ్‌లో కొత్తగా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు రేడియాలజీ ప్రొఫెసర్ అయ్యింది ఆ చేతులతోనే. రెండేళ్లకు, 1921 జూన్ 4న చనిపోయాడు. 56 ఏళ్లు. ఆ వయసు చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. 1936లో అదే ఆసుపత్రి తోటలో, ఈ కిరణాల వల్ల చనిపోయిన అన్ని దేశాలవాళ్లకూ కలిపి ఒక స్మారక శిల నిలబెట్టారు. డాక్టర్లే కాదు, టెక్నీషియన్లు, నర్సులు కూడా అందులో ఉన్నారు. వీళ్లు తోటి మనుషుల జబ్బులతో పోరాడుతూ ప్రాణాలను ‘ఓప్ఫర్’గా ఇచ్చారని దాని మీద రాసి ఉంది. జర్మన్‌లో ఓప్ఫర్ అంటే అర్పించిన బలీ అవుతుంది, ప్రమాదంలో పోయిన మనిషీ అవుతాడు. ఒకే మాటకు రెండు ముఖాలు. మన ‘బలి’ కూడా అంతే. ‘బలి ఇచ్చాడు’ అంటే తెలిసి చేసినది, ‘బలయ్యాడు’ అంటే తెలియకుండా జరిగినది. తేడా అంతా క్రియలోనే ఉంది. ఈయన జీవితంలో మొదటి సగం ‘అయ్యాడు’, రెండో సగం ‘ఇచ్చాడు’. రెంటికీ సరిపడే క్రియ ఒకటుంది: ధారపోయడం.

దానం ఇచ్చేటప్పుడు నీళ్లు ధారగా వదులుతాం కదా, అందులోంచి వచ్చిన మాట అది. ఒక్క దెబ్బతో ప్రాణం పోవడం కాదు, సన్నగా, ఆగకుండా, ఏళ్ల తరబడి పోవడం. ఇచ్చానన్న ఎరుక కూడా అందులో ఉంది. ‘ఎక్స్‌రే విద్యకు ప్రాణం ధారపోసిన ఆచార్యుడు’ అని రాయండి. శీర్షిక కొంచెం పొడుగవుతుంది, పర్వాలేదు.

మరో సభ్యురాలు:
దధీచి అంటే ఎలా ఉంటుందండీ? వెన్నెముక ఇచ్చినవాడు, ఈయనేమో ఎముకల బొమ్మలు తీసినవాడు.

జవాబు:
పోలిక చాలా బావుందండీ, వ్యాసం మధ్యలో ఒక వాక్యంగా నప్పుతుంది. శీర్షికకు మాత్రం వద్దనిపిస్తోంది. దేవతలు అడిగారు, దధీచి ఏమిస్తున్నాడో పూర్తిగా తెలిసి ఇచ్చాడు. ఈయన్ని ఎవరూ అడగలేదు. తెలిసేసరికే సగం ఇచ్చేశాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, ‘ధారపోసిన’ అనే పెడతాను. ఇంకొక్కటి. ఆయన 1904లో వర్ణించిన ఎముకల జబ్బును ‘మార్బుల్ బోన్ డిసీజ్’ అంటున్నారు. ‘పాలరాతి ఎముకలు’ అనవచ్చా?

జవాబు:
అనవచ్చు. ఎక్స్‌రేలో ఆ ఎముకలు మామూలు వాటికన్నా చిక్కగా, తెల్లగా కనిపిస్తాయి కాబట్టి పాలరాయి నప్పుతుంది. ఒక్క జాగ్రత్త: రాయి అన్నాం కదా అని చదివేవాళ్లు గట్టివనుకుంటారు. నిజానికి అవి తేలిగ్గా విరుగుతాయి. ఆ సంగతి పక్క వాక్యంలోనే రాసెయ్యండి.