ఎపాక్సీ రెండో కోటుకి ముందు రుద్దుతుంటే కాగితం మూసుకుపోతోంది

కొత్తపట్నం నుంచి ప్రశ్న:
టేకు బల్ల, 4 అడుగులు బై 2. నిన్న సాయంత్రం ఎపాక్సీ (రెసిన్‌లో హార్డెనర్ కలిపితే గట్టిపడే పూత) మొదటి కోటు వేశాం, కొలత ప్రకారం రెసిన్ రెండు పాళ్లు, హార్డెనర్ ఒక పాలు. ఇవాళ గోరు గుచ్చినా దిగట్లేదు, కానీ పైన జిడ్డుగా ఉంది. 120 నంబరు ఉప్పుకాగితం రెండు నిమిషాలకే ముద్దలు కడుతోంది. ఇంకో రోజు ఆగాలా? ఇక్కడ ముసురు పట్టి ఉంది.

నెల్లూరు నుంచి:
రుద్దడం ఆపండి అన్నా. గోరు దిగట్లేదంటే రెసిన్ గట్టిపడినట్టే. ఆ జిడ్డు అమైన్ బ్లష్. హార్డెనర్‌లోని అమైన్ అనే రసాయనం, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే పైన ఆ పొర కడుతుంది. కార్తీకం వానల్లో సముద్రం పక్కన మామూలే. ఎన్నాళ్లు ఆగినా పోదు. రుద్దితే గీతల్లోకి దిగి, రెండో కోటు అక్కడ పట్టదు.

అది నీళ్లలో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు, పచ్చ స్కాచ్‌బ్రైట్‌తో కడిగి, తడి ఆరకముందే తెల్లగుడ్డతో తుడవండి. ఆరనిస్తే మళ్లీ అక్కడే పేరుకుంటుంది. రెండుసార్లు చేయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే క్యాను నీళ్లే వాడండి.

పూర్తిగా ఆరాక 180తో మొదలెట్టి 220తో ముగించండి. మెరుపంతా పోయి తెల్లగా మసకబారాలి. ఇంకా మెరుస్తున్న చోటు పల్లం, అక్కడ కొత్త కోటు పట్టు దొరకదు. దానికోసం చుట్టూ చెక్క బయటపడేదాకా అరగదీయొద్దు, ఆ పల్లంలో స్కాచ్‌బ్రైట్‌తో రుద్దితే చాలు. అంచుల దగ్గర చెయ్యి తేలిగ్గా ఆడించండి, కోటు ముందు తెగేది అక్కడే. తెల్లదనం చూసి కంగారుపడొద్దు, రెండో కోటు తడి తగలగానే మాయమవుతుంది.

కొత్తపట్నం:
బోటు ఫైబర్ పనివాళ్లు ఎసిటోన్‌తో తుడిస్తే చాలంటున్నారు?

కావలి నుంచి:
వాళ్లు ఎక్కువగా వాడేది పాలిస్టర్ రెసిన్, దాని పద్ధతి వేరు. ఎసిటోన్ బ్లష్‌ని తీయదు, పులుముతుంది. నీళ్లతో కడిగి రుద్దాక, దుమ్ము తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మిగిలిన పాలిస్టర్ ఉందని ఎపాక్సీ మీద పోయొద్దు, సరిగా అతకదు.

మీ బల్లకి ఒక మిల్లీమీటరు మందానికి 750 మి.లీ. పడుతుంది: రెసిన్ 500, హార్డెనర్ 250. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ పెంచితే మెత్తగా మిగిలిపోతుంది.

రుద్దేటప్పుడు ఎన్‌95 మాస్కు, నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఒకరోజు వయసున్న ఎపాక్సీ పూర్తిగా పండి ఉండదు, ఆ దుమ్ముతో చర్మానికి ఎలర్జీ మొదలైతే మళ్లీ ఆ పని ముట్టుకోలేరు. వాటర్ పేపర్ తడిపి రుద్దితే దుమ్మే లేవదు.