బైజాంటైన్ కొలువులో కఫ్తాన్లు: రోమన్ సంప్రదాయం పోయినట్టేనా?

పాతనాణెం: ఇటలీ నగరం రావెన్నాలోని సాన్ వితాలే చర్చిలో 6వ శతాబ్దపు మొజాయిక్ ఒకటి ఉంది. అందులో బైజాంటైన్ (అంటే తూర్పు రోమన్) చక్రవర్తి జస్టీనియన్ ఊదారంగు క్లామిస్‌ని, అంటే పైన కప్పుకునే వస్త్రాన్ని, కుడి భుజం మీద పిన్నుతో బిగించుకుని ఉంటాడు. పక్కనున్న ఉద్యోగులది తెల్ల క్లామిస్, దాని మీద ఊదా పట్టీ. అచ్చమైన రోమన్ వేషం. 14వ శతాబ్దానికి వస్తే అదే కొలువులో మంత్రులు కబ్బాడియన్ అనే కఫ్తాన్, అంటే ముందువైపు గుండీలుండే పొడవాటి అంగీ, తొడిగి, పెద్ద టోపీ పెట్టారు. నా దృష్టిలో ఇది తురుష్కుల ముందు తలవంచడమే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పట్టుపోగు: కాదనే అంటాను. మీరు మధ్యలో 800 ఏళ్లు వదిలేశారు. 10వ శతాబ్దంలో ఏడో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి చేయించిన ఆస్థాన మర్యాదల గ్రంథంలో స్కారమాంగియన్ అనే పట్టు అంగీ మాటిమాటికీ కనిపిస్తుంది. అది పర్షియా రౌతుల దుస్తుల నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. అప్పటికి సెల్జుక్ తురుష్కులు అనతోలియాలో అడుగే పెట్టలేదు. సామ్రాజ్యం మంచి బలం మీదున్న రోజులవి.

ఆ అంగీ జీతంలో భాగం కూడా. ఇటలీ నుంచి దూతగా వెళ్లిన లియుట్‌ప్రాండ్ 950లో మట్టల ఆదివారానికి ముందు ఆ పంపకం కళ్లారా చూశాడు. పెద్ద పదవుల వాళ్లకు బంగారు నాణేల సంచులతోపాటు స్కారమాంగియన్లు ఇచ్చారు. సంచులు భుజాన మోయలేక కొందరు ఈడ్చుకుంటూ పోయారట! 968లో ఆయనే మళ్లీ వచ్చి ఊదా పట్టు కొనుక్కుంటే, తిరిగి బయల్దేరే ముందు అధికారులు లాగేసుకున్నారు. ఏ బట్ట ఎవరి ఒంటి మీద ఉండాలో వాళ్లకు అంత పట్టింపు.

మనం బైజాంటైన్ నాణేల మీద చూసేది లోరోస్, అంటే ఒంటికి చుట్టుకునే రత్నాల పొడవాటి పట్టీ. అది రోమన్ కాన్సుల్ల టోగా నుంచి వచ్చిందే, నిజం. కానీ దాన్ని ఈస్టర్ లాంటి పెద్ద పండగలకే కట్టుకునేవారు. చక్రవర్తి రోజూ అదే కట్టుకునేవాడు అనుకోవడం వల్లే ఈ గందరగోళమంతా.

గోడబొమ్మ: ఒక సాక్ష్యం కలుపుతాను. బైజాంటైన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్)లోని ఒకప్పటి ఖోరా చర్చిలో (ఇప్పుడు మసీదు) మంత్రి మెటోకైటిస్ క్రీస్తు ముందు మోకరిల్లి చర్చి నమూనా సమర్పిస్తున్న మొజాయిక్ ఉంది, 1320 ప్రాంతానిది. తలమీద ఆ పెద్ద టోపీ, ఒంటి మీద ఆ కబ్బాడియనే! తలవంపు అనుకుంటే తాను బాగుచేయించిన గుడిలో, దేవుడి ముందు అలా ఎందుకు వేయించుకుంటాడు? లేపాక్షి పైకప్పు చిత్రాల్లో విజయనగర పెద్దల తలమీద పర్షియా తరహా పొడవాటి కుళ్లాయిలు చూసి వాళ్లు లొంగిపోయారని మనం అనం కదా.

పాతనాణెం: మెటోకైటిస్ సంగతి బలమైనదే. కానీ 1347లో ఆరో జాన్ చక్రవర్తి పట్టాభిషేకానికి అసలు రత్నాలు లేక గాజు ముక్కలు వాడారు. క్షీణత లేదంటే ఎలా?

పట్టుపోగు: క్షీణత లేదని నేననలేదండీ. ఆ రత్నాలు 1343లోనే వెనిస్‌లో తాకట్టుకు పోయాయి. అంతర్యుద్ధాల అప్పులవి, వాటికి కబ్బాడియన్‌తో ఏం సంబంధం? అదే దశకంలో కొలువులోని పెద్ద అధికారి అపోకౌకోస్ చిత్రం చూడండి. వలయాల్లో సింహాలున్న అంగీ వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.